నల్లగొండ, పాలమూరు ఓటరు తీర్పులు

తెలంగాణ దక్షిణ మెట్ట ప్రాంతంలోని ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల ఓటర్లు ప్రభుత్వాల మీద, పార్టీల మీద, తమ ప్రాంత సమస్యల మీద అభిప్రాయాన్ని వెల్లడించిన తీరు తెలుగు రాజకీయ చరిత్రలో ప్రత్యేకంగా చెప్పుకోదగినది. 1952లో జవహర్‌లాల్ నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో ఒక కమ్యూనిస్టు నాయకుణ్ని పార్లమెంటుకు పంపిన జిల్లా నల్లగొండ. అధికారంలో ఉన్న ముఖ్యమంత్రి ఎన్.టి.రామారావును 1989లో ఓడించిన నియోజకవర్గం మహబూబ్‌నగర్ జిల్లాలోని కల్వకుర్తి. 1996లో ఒకే లోక్‌సభ స్థానానికి 480 మందిని పోటీలో నిలిపి, బ్యాలెట్ పత్రాన్నే తమ గోడు చెప్పుకునే అర్జీగా మార్చింది నల్లగొండ ప్రజలు. ఫలానా విధానం కావాలా వద్దా అని ఓటరును నేరుగా అడిగే ఏర్పాటు మన దేశంలో లేదు. ఆ లోటును ఈ రెండు జిల్లాల ఓటర్లు సాధారణ ఎన్నికలతో, ఉప ఎన్నికలతో, నామినేషన్లతో, బహిష్కరణలతో పూడ్చుకుంటూ వచ్చారు.

ప్రాంతం, నియోజకవర్గాలు

కృష్ణా నది ఈ రెండు జిల్లాల అంచున పారుతుంది. మహబూబ్‌నగర్ జిల్లాలోనే అది తెలంగాణలోకి ప్రవేశిస్తుంది. నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్ ఉంది. అయినా ఎత్తయిన మెట్ట భూములకు చాలా కాలం ఆ నీళ్లు ఎక్కలేదు. నల్లగొండ పల్లెల్లో బోరు నీటిలోని ఫ్లోరైడ్ ఎముకలను వంచేసింది. పాలమూరు పల్లెలు బతుకుదెరువు కోసం ముంబై, పుణె, హైదరాబాద్ దారి పట్టాయి. ఎన్నికల్లో ఇక్కడ వినిపించే ప్రశ్నలకు మూలం ఈ భూగోళంలోనే ఉంది.

2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజన జరిగింది. ఉమ్మడి నల్లగొండ నుంచి నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు ఏర్పడ్డాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు, 2019లో నారాయణపేట ఏర్పడ్డాయి. షాద్‌నగర్ రంగారెడ్డి జిల్లాకు, కొడంగల్ ప్రధానంగా వికారాబాద్ జిల్లాకు వెళ్లాయి. అయితే ఎన్నికల లెక్కల్లో ఇప్పటికీ ఉమ్మడి జిల్లాల ప్రస్తావనే నడుస్తుంది: నల్లగొండకు 12 శాసనసభ స్థానాలు, మహబూబ్‌నగర్‌కు 14. లోక్‌సభ స్థానాలు నాలుగు: నల్లగొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్.

ప్రత్యక్ష ఓటుకు చోటు లేని వ్యవస్థ

స్విట్జర్లాండ్‌లో పౌరులు ఏటా పలుమార్లు చట్టాల మీద, విధానాల మీద ఓటేస్తారు. అమెరికాలోని కాలిఫోర్నియా ఓటర్లు 1978లో ఆస్తి పన్నుకు పరిమితి విధించే ప్రతిపాదనను నేరుగా ఆమోదించారు. భారత రాజ్యాంగంలో అలాంటి ఏర్పాటు లేదు. 1948లో జునాగఢ్‌లో, 1967లో గోవాలో, 1975లో సిక్కింలో జరిగిన ప్రజాభిప్రాయ ఓటింగ్‌లు ప్రత్యేక సందర్భాలకే పరిమితమయ్యాయి.

తెలంగాణ భవిష్యత్తు విషయంలోనూ ప్రజలను నేరుగా అడిగింది లేదు. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం హైదరాబాద్ రాష్ట్రాన్ని కొంతకాలం విడిగా ఉంచాలని సూచించింది. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపాలని చెప్పింది. ఆ ఎన్నికల దాకా ఎవరూ ఆగలేదు. 1956 నవంబర్ 1న విలీనం జరిగిపోయింది. అడగకుండా తీసుకున్న ఆ నిర్ణయానికి తెలంగాణ ఓటరు తర్వాతి దశాబ్దాల్లో దొరికిన ప్రతి ఎన్నికలోనూ జవాబు చెప్పాడు.

తొలి తీర్పులు: 1952 నుంచి 1971

తొలి సాధారణ ఎన్నికల నాటికి తెలంగాణ సాయుధ పోరాటం విరమించి కొద్ది నెలలే అయింది. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉన్నందున దాని నాయకులు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి మూడు లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. దేశంలో అదే అత్యధికం. నల్లగొండ అప్పుడు ద్విసభ్య నియోజకవర్గం. నెహ్రూ పోటీ చేసిన స్థానం కూడా అటువంటిదే. ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి శాసనసభకు ఎన్నికయ్యారు. దొరల గడీలకు, వెట్టిచాకిరికి ఎదురు తిరిగిన పల్లెలు ఓటుతో వేసిన తొలి ముద్ర అది.

అదే ఎన్నికల్లో పక్కనున్న మహబూబ్‌నగర్ జిల్లా మరో దారి పట్టింది. షాద్‌నగర్ నుంచి గెలిచిన కాంగ్రెస్ నాయకుడు బూర్గుల రామకృష్ణారావు హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. ఇటు నల్లగొండ 1957లో దేవులపల్లి వెంకటేశ్వరరావును, 1962లో మళ్లీ రావి నారాయణరెడ్డిని లోక్‌సభకు పంపింది. నల్లగొండలో కమ్యూనిస్టు పునాది, మహబూబ్‌నగర్‌లో కాంగ్రెస్ పట్టు చాలా కాలం నిలిచాయి.

1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం తర్వాత వచ్చిన 1971 లోక్‌సభ ఎన్నికలు ఆ ఉద్యమం మీద ఓటింగ్‌లా సాగాయి. దేశమంతా ఇందిరాగాంధీ గాలి వీస్తుంటే, తెలంగాణలోని 14 స్థానాల్లో 10 తెలంగాణ ప్రజా సమితికి దక్కాయి. వాటిలో నల్లగొండ, నాగర్‌కర్నూల్ ఉన్నాయి. గెలిచినవారు కొద్దికాలానికే కాంగ్రెస్‌లో కలిసిపోయారు. ఓటరు స్పష్టంగా చెప్పిన మాటకు విలువ దక్కలేదు.

ఎన్.టి.రామారావు: గెలుపు, ఓటమి

1985లో ఎన్.టి.రామారావు గుడివాడ, హిందూపురంతో పాటు నల్లగొండ నుంచి కూడా శాసనసభకు పోటీ చేసి మూడు చోట్లా గెలిచారు. నాలుగేళ్లు తిరిగేసరికి పరిస్థితి మారింది. 1989లో ఆయన హిందూపురంతో పాటు కల్వకుర్తిలో నిలబడ్డారు. హిందూపురం గెలిపించింది, కల్వకుర్తి కాంగ్రెస్ అభ్యర్థి జె.చిత్తరంజన్‌దాస్‌ను ఎన్నుకుంది. ఆ ఎన్నికల్లో రాష్ట్రమంతటా ప్రభుత్వ వ్యతిరేకత ఉన్నమాట నిజమే. అయినా ముఖ్యమంత్రినే ఓడించడం తెలుగు నాట ఎన్నడూ మరవని ఉదాహరణగా మిగిలింది. పేరు ఎంత పెద్దదైనా ఇక్కడ ఓటు ఖాయం కాదని కల్వకుర్తి చెప్పింది.

1996: 480 మంది అభ్యర్థులు

ఈ ప్రాంత ఓటర్లు ఎన్నికల విధానాన్నే నిరసన సాధనంగా మలచిన ఘటన 1996 లోక్‌సభ ఎన్నికల్లో జరిగింది. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి నల్లగొండ జిల్లాకు సాగునీరు, ఫ్లోరైడ్ లేని తాగునీరు కావాలని అప్పటికే ఏళ్ల తరబడి పోరాడుతోంది. ఆ నీళ్లు తేవాల్సిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ అప్పటికి కాగితాల మీదే ఉంది. అర్జీలకు, ధర్నాలకు కదలిక లేకపోవడంతో రైతులు, ఫ్లోరోసిస్ పీడిత గ్రామాల వారు మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. చివరికి 480 మంది బరిలో మిగిలారు.

ఎన్నికల సంఘం ఇబ్బందిలో పడింది. అంతమందికి గుర్తులు వెతకాలి, పేర్లన్నీ పట్టే బ్యాలెట్ తయారుచేయాలి. పోలింగ్ వాయిదా పడింది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఆఖరికి సీపీఐ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. స్వతంత్రులలో దాదాపు అందరి డిపాజిట్లూ పోయాయి. కానీ వారు పోటీ చేసింది గెలుపు కోసం కాదు. నల్లగొండ నీళ్లలో ఏముందో దేశమంతా ఆ ఎన్నికతో తెలుసుకుంది.

అదే ఏడాది కర్ణాటకలోని బెళగావి లోక్‌సభ స్థానంలో, తమిళనాడులోని మొడకురిచ్చి శాసనసభ స్థానంలో కూడా వందల సంఖ్యలో నామినేషన్లు పడ్డాయి. దీనికి ప్రభుత్వం చట్టాన్ని సవరించి జవాబిచ్చింది. లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది. గుర్తింపు పొందిన పార్టీ అండ లేని అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులు తప్పనిసరి అయ్యారు. పేద రైతు నిరసన తెలిపిన తలుపును చట్టం ఆ విధంగా ఇరుకు చేసింది. అయినా 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు నల్లగొండ దారినే నడిచారు. అక్కడ 185 మంది పోటీలో నిలవగా వారిలో 170 మందికి పైగా రైతులే.

రాష్ట్ర సాధన ఓటు

2009లో తెలంగాణ రాష్ట్ర సమితి (టీఆర్ఎస్) అధినేత కె.చంద్రశేఖర్‌రావు మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆ ఏడాది నవంబర్ 29న ఆయన నిరాహార దీక్షకు దిగిందీ, 2014 ఫిబ్రవరిలో తెలంగాణ బిల్లు లోక్‌సభలో ఆమోదం పొందిందీ ఆయన పాలమూరు ఎంపీగా ఉన్నప్పుడే.

2010 జులైలో రాజీనామాలతో వచ్చిన 12 ఉప ఎన్నికలు ఉత్తర తెలంగాణలో జరిగాయి. దక్షిణ జిల్లాలకు అలాంటి అవకాశం 2012 మార్చిలో వచ్చింది. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మూడింటా ఒకేసారి ఉప ఎన్నిక జరిగింది. కొల్లాపూర్‌లో టీఆర్ఎస్ నుంచి జూపల్లి కృష్ణారావు, నాగర్‌కర్నూల్‌లో స్వతంత్రుడిగా నాగం జనార్దన్‌రెడ్డి, మహబూబ్‌నగర్‌లో బీజేపీ నుంచి యెన్నం శ్రీనివాస్‌రెడ్డి గెలిచారు. జెండాలు మూడు వేరైనా ముగ్గురూ తెలంగాణ నినాదంతో వచ్చినవారే. ఓటరు పార్టీని పట్టుకోలేదు, ప్రశ్నను పట్టుకున్నాడు.

2014 నుంచి 2024 వరకు

కొత్త రాష్ట్రపు తొలి ఎన్నికల్లో ఈ రెండు జిల్లాలు ఎవరికీ ఏకపక్షంగా పట్టం కట్టలేదు. నల్లగొండలో టీఆర్ఎస్‌కు 6, కాంగ్రెస్‌కు 5, సీపీఐకి 1 స్థానం దక్కాయి. మహబూబ్‌నగర్‌లో టీఆర్ఎస్‌కు 7, కాంగ్రెస్‌కు 5, టీడీపీకి 2 వచ్చాయి. కల్వకుర్తిలో కాంగ్రెస్ అభ్యర్థి వంశీచంద్‌రెడ్డి 78 ఓట్ల తేడాతో బయటపడ్డారు.

2018లో గాలి మారింది. నల్లగొండలో 9, మహబూబ్‌నగర్‌లో 13 స్థానాలు టీఆర్ఎస్ గెలుచుకుంది. నాగార్జునసాగర్‌లో జానారెడ్డి, కొడంగల్‌లో రేవంత్‌రెడ్డి ఓడిపోయారు. 2023 నవంబర్ 30న జరిగిన పోలింగ్‌లో అదే ఓటరు పూర్తిగా తిరగబడ్డాడు. నల్లగొండలో 11, మహబూబ్‌నగర్‌లో 12 స్థానాలు కాంగ్రెస్‌కు ఇచ్చాడు. బీఆర్ఎస్‌గా పేరు మార్చుకున్న టీఆర్ఎస్‌కు సూర్యాపేట, గద్వాల, అలంపూర్ మాత్రమే మిగిలాయి. కొడంగల్‌లో గెలిచిన రేవంత్‌రెడ్డి డిసెంబర్ 7న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. బూర్గుల తర్వాత ఉమ్మడి పాలమూరుకు ఆ పదవి దక్కడం ఇదే.

పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల కథ ఈ తీర్పు పక్కన చదవాలి. 2015 జూన్‌లో కర్వెనలో శంకుస్థాపన జరిగింది. తొలి పంపును 2023 సెప్టెంబర్ 16న నార్లాపూర్‌లో నడిపించారు. అప్పటికి ఎన్నికలు రెండున్నర నెలల దూరంలో ఉన్నాయి. కాలువల్లో నీళ్లు పొలం దాకా రాలేదు. బీఆర్ఎస్ ఓడిపోవడానికి ఇదొక్కటే కారణమని చెప్పలేం. కానీ పంపు ప్రారంభోత్సవం ఓటు తెస్తుందన్న నమ్మకాన్ని ఓటరు నిలబెట్టలేదు.

కొత్త ముఖ్యమంత్రి కూడా ఆర్నెల్లకే ఒక హెచ్చరిక అందుకున్నారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ కాంగ్రెస్ అభ్యర్థి కుందూరు రఘువీర్‌రెడ్డి 5 లక్షల 59 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. రాష్ట్రంలో అదే అత్యధికం. కానీ కొడంగల్ కూడా భాగమైన మహబూబ్‌నగర్ స్థానంలో బీజేపీ అభ్యర్థి డి.కె.అరుణ 4,500 ఓట్ల తేడాతో కాంగ్రెస్‌ను ఓడించారు. పక్కపక్క జిల్లాలు ఒకే రోజున రెండు వేర్వేరు తీర్పులు చెప్పాయి.

ఉప ఎన్నికలు: మధ్యలో అడిగే జవాబు

అయిదేళ్లకోసారి వచ్చే ఎన్నికల నడుమ ప్రభుత్వం మీద అభిప్రాయం చెప్పే వేదికగా ఉప ఎన్నిక ఇక్కడ స్థిరపడింది. నల్లగొండ జిల్లా నాలుగేళ్లలో మూడు చూసింది.

2019 అక్టోబర్‌లో హుజూర్‌నగర్‌లో టీఆర్ఎస్ అభ్యర్థి సైదిరెడ్డి 43 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. అది ఉత్తమ్‌కుమార్‌రెడ్డి ఖాళీ చేసిన స్థానం. 2023లో అదే ఓటరు ఉత్తమ్‌కు 44 వేలకు పైగా మెజారిటీ ఇచ్చి తిరిగి తెచ్చుకున్నాడు. 2021 ఏప్రిల్‌లో నాగార్జునసాగర్‌లో దివంగత ఎమ్మెల్యే నోముల నర్సింహయ్య కుమారుడు భగత్ జానారెడ్డిని 18,872 ఓట్ల తేడాతో ఓడించారు. 2023లో జానారెడ్డి కుమారుడు జైవీర్‌రెడ్డి ఆ స్థానాన్ని గెలుచుకున్నారు.

మూడోది మునుగోడు. కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి కాంగ్రెస్‌కు, శాసనసభ్యత్వానికి రాజీనామా చేసి బీజేపీ తరఫున నిలబడడంతో 2022 నవంబర్ 3న ఈ ఎన్నిక వచ్చింది. 93 శాతం మంది ఓటేశారు. టీఆర్ఎస్ అభ్యర్థి కూసుకుంట్ల ప్రభాకర్‌రెడ్డి 10,309 ఓట్లతో గెలిచారు. ఆయనకు సీపీఐ, సీపీఎం మద్దతు ఇచ్చాయి. మరుసటి ఏడాది రాజగోపాల్‌రెడ్డి కాంగ్రెస్‌లోకి తిరిగి వచ్చి, అదే ప్రభాకర్‌రెడ్డిని 40 వేలకు పైగా ఓట్లతో ఓడించారు. మనిషి మారలేదు, పన్నెండు నెలల్లో ఓటరు తీర్పు మారింది.

మునుగోడు మరో బాధాకరమైన పాఠాన్ని కూడా మిగిల్చింది. ఓటుకు పంచే డబ్బు తమకు అందలేదని కొన్ని ఊళ్లలో ఓటర్లు నిరసనకు దిగినట్టు పత్రికల్లో వార్తలు వచ్చాయి. ఫ్లోరోసిస్‌తో నడుములు వంగిన పల్లెల్లో ఓటు ధర మీద చర్చ జరగడం ఆ పల్లెల తప్పు అనుకోవడం అన్యాయం. పంచినవాళ్లే ఆ అలవాటు నేర్పారు.

ఫలితాల రోజు

లెక్కింపు రోజున హోటళ్ల టీవీల ముందు, గ్రామ పంచాయతీ ఆఫీసుల గద్దెల మీద జనం గుమిగూడతారు. రౌండ్ల వారీగా ఆధిక్యం చెబుతుంటే పల్లె పల్లె లెక్క వేసుకుంటుంది. గెలిచినవారి ఊరేగింపులో తీన్‌మార్ డప్పులు మోగుతాయి, గులాల్ చల్లుకుంటారు, టపాసులు పేలతాయి. ఓడినవారి ఇంటి ముందు కూడా ఆ సాయంత్రం జనం చేరతారు. ఎవరు వెన్నుపోటు పొడిచారన్న చర్చ అక్కడే మొదలవుతుంది.

మరునాటి నుంచి ‘మన బూత్‌ల ఎంత లీడ్’ అన్న ప్రశ్న ఊరిని పట్టుకుంటుంది. పేపర్ బ్యాలెట్ రోజుల్లో వేర్వేరు పెట్టెల్లోని ఓట్లను కలిపి లెక్కించే పద్ధతి ఉండేది. ఈవీఎంలు వచ్చాక ప్రతి బూత్ ఓట్లు విడిగా తెలుస్తున్నాయి. కొన్ని యంత్రాల ఓట్లను కలిపి చూపే టోటలైజర్‌ను ఎన్నికల సంఘం ప్రతిపాదించినా అమల్లోకి రాలేదు. దీంతో ఏ తండా, ఏ వాడ ఎటు మొగ్గిందో నాయకులకు తెలిసిపోతుంది. ఇల్లు, పింఛను, రోడ్డు అడగాల్సిన పేదల్లో అది భయం పుట్టిస్తుంది. గుట్టుగా వేసిన ఓటు ఊరుమ్మడిగా బయటపడడం ప్రజాస్వామ్యానికి మంచిది కాదు.

వలస ఓటరు

నారాయణపేట, మక్తల్, కొడంగల్ ప్రాంతాల నుంచి ముంబై, పుణె, హైదరాబాద్ వెళ్లిన కూలీలకు ఓటు ఊళ్లోనే ఉంటుంది. ‘పాలమూరు లేబర్’గా పేరుపడిన వీరి ఓట్ల కోసం అభ్యర్థులు బస్సులు మాట్లాడతారు, దారి ఖర్చులు ఇస్తామంటారు. పంచాయతీ ఎన్నికల్లో నాలుగు ఓట్ల తేడాతో సర్పంచ్ పదవి తారుమారయ్యే చోట వలస ఓటు మరీ విలువైనది. ఓటేసి మర్నాడే తిరుగు బస్సెక్కే ఈ మనిషికి ఫలితం ఫోన్‌లో తెలుస్తుంది. పనిచేసే చోటు నుంచి ఓటేసే వీలు వారికి ఇంకా రాలేదు.

నోటా, బహిష్కరణ, ప్రజాభిప్రాయ సేకరణ

2013 సెప్టెంబర్ 27 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో నోటా మీట వచ్చింది. అభ్యర్థులెవరూ నచ్చలేదని చెప్పే హక్కు దక్కినా ఫలితం మార్చే బలం దానికి లేదు. అందుకే రోడ్డు, వంతెన, నీళ్లు రాని పల్లెలు నోటా కంటే బహిష్కరణ బెదిరింపునే నమ్ముకుంటాయి. పోలింగ్ రోజు బూత్ ఖాళీగా ఉంటే అధికారులు పరుగెత్తుకొస్తారని వారికి అనుభవం చెప్పింది.

నేరుగా ప్రజలను అడిగే పద్ధతికి దగ్గరగా ఉన్నది ప్రాజెక్టుల మీద జరిపే ప్రజాభిప్రాయ సేకరణ. నల్లగొండ జిల్లా పెద్దగట్టు, లంబాపూర్ దగ్గర యురేనియం గనుల కోసం 2003 ఆగస్టులో జరిగిన సేకరణలో తీవ్ర వ్యతిరేకత వచ్చింది. నాగార్జునసాగర్ జలాశయం పక్కనే ఉండడం ప్రజల ప్రధాన అభ్యంతరం. అక్కడ తవ్వకం మొదలు కాలేదు. నల్లమలలోని అమ్రాబాద్ ప్రాంతంలో యురేనియం అన్వేషణ మీద జనం కదిలినప్పుడు, 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది. 2024 నవంబర్ 11న కొడంగల్ నియోజకవర్గం లగచర్లలో ఫార్మా భూసేకరణ మీద అభిప్రాయం తెలుసుకోవడానికి వెళ్లిన కలెక్టర్, అధికారులపై దాడి జరిగింది. అరెస్టులు జరిగాయి. ఆ నెలాఖరులో ప్రభుత్వం ఫార్మా నోటిఫికేషన్‌ను వెనక్కి తీసుకుంది. దాడి సమర్థనీయం కాదు. అడిగే తీరు నిజాయితీగా లేదన్న అనుమానం మాత్రం అధికారులు పోగొట్టాల్సినదే. ఒడిశా నియమగిరిలో 2013లో 12 గ్రామసభలు బాక్సైట్ తవ్వకాన్ని తిరస్కరిస్తే ఆ మాట నిలిచింది. అక్కడ గ్రామసభ నిర్ణయానికి కోర్టు బలం ఉండడమే తేడా.

అంచనా

డెబ్బై ఏళ్ల ఈ తీర్పులను కలిపి చూస్తే, ఇక్కడి ఓటరు ఏ పార్టీకీ శాశ్వత హామీ రాసివ్వలేదని స్పష్టమవుతుంది. కమ్యూనిస్టులను, కాంగ్రెస్‌ను, తెలుగుదేశాన్ని, టీఆర్ఎస్‌ను, బీజేపీని వేర్వేరు కాలాల్లో గెలిపించి, అదే చేత్తో పంపించేశాడు. అతని వైఖరిలో అస్థిరత ఉందనడం సరికాదు. నీళ్లు, భూమి, ఆత్మగౌరవం అనే ప్రశ్నలు మారకపోవడం వల్లే సమాధానం చెప్పేవారిని మారుస్తూ వచ్చాడు. 1996లో 480 మంది అడిగిన నీళ్లు తేవాల్సిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం పని రెండు దశాబ్దాలుగా సాగుతోంది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి 8 మంది కార్మికులు లోపల చిక్కుకుపోయారు. ఆ సొరంగం ఇంకా పూర్తి కాలేదు.